ఆయమ్మ చదువు

మన రాష్ట్రములలో ఒకటవ తరగతి పిల్లలకు అక్షరములు నేర్పగోరువారు 2 సంవత్సరముల శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణులై, ఆ పిదప యోగ్యతాపరీక్షకు కూర్చుండవలెను. ఇది న్యాయమే. కాని ఆ ఒకటవ తరగతికి పూర్వము, 3 ఏండ్ల పసిబిడ్డను తల్లి చేతినుండి అందుకొని, ఏడ్పు మాన్పి, ముక్కు తుడిచి, చేతులు కడిగి, అన్నము పెట్టి, నిద్రపుచ్చి, మరల తల్లికి అప్పగించు స్త్రీకి మన దేశము విధించిన ప్రవేశశిక్షణ యెంత? సమగ్ర శిశు అభివృద్ధి సేవల శిక్షణ నియమములలో అంగన్‌వాడి సహాయకురాలి పేరున వ్రాయబడినది 5 పనిదినములు. ఆ పిమ్మట 2 ఏండ్లకొకమారు మరి 5 దినముల పునశ్చరణ. ఇంతే. ఈ 5 దినములను గూర్చి యోచింపుమని నేడు మా పాఠకులను కోరుచున్నాము.

పిల్లలు ఆమెను ఆయమ్మ యందురు. ప్రభుత్వపు కాగితములలో ఆమె సహాయకురాలు. దేశమునందు సుమారు 14 లక్షల అంగన్‌వాడి కేంద్రములు కలవు. ఆంధ్రప్రదేశమున 55 వేలకు పైగాను, తెలంగాణమున 35 వేలకు పైగాను ఏర్పడినవి. కార్యకర్త యొక్కతెయే నడపుటకై యేర్పరచిన చిన్న కేంద్రములను మినహాయించినచో ప్రతి కేంద్రమునకును ఒక కార్యకర్తయు, ఒక సహాయకురాలును ఉండవలెను. వంట, వడ్డన, శుభ్రత, పిల్లలను ఇండ్లనుండి తోడ్కొని వచ్చుట, ఇవి సహాయకురాలికి విధింపబడిన పనులు. పాఠము చెప్పుట కార్యకర్త వంతు. కాని కార్యకర్తకు పాఠమొక్కటియే కాదు గదా! గర్భిణుల లెక్క, బాలింతల పరామర్శ, టీకాల దినము, బరువుల పట్టీ, 2021 నుండి చేతి ఫోనులో నింపవలసిన పోషణ్ ట్రాకర్ వివరములు, ఇవిగాక పైనుండి వచ్చు సర్వేలు. ఆమె ఇల్లిల్లు తిరుగునపుడును, లెక్కలలో తలమునుకలై యున్నపుడును పిల్లలు ఎవరి చేతిలో నుందురు? ఆయమ్మ చేతిలోనే. పేరునకు సహాయకురాలు, పనికి గురువు. పేరునకు తగిన జీతమిచ్చి, పనికి తగిన బాధ్యత మోపుటకు అలవాటుపడినాము. పనికి తగిన చదువు చెప్పవలెనను సంగతి మాత్రము మరచితిమి.

ఇచట ఒక ఆక్షేపణ వినవచ్చును. "బిడ్డలను సాకుటకు చదువేల? మన అవ్వలు ఏ కళాశాలలో నేర్చిరి?" అని పెద్దమనుష్యులే అడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చక సమాధానము చెప్పుట ధర్మము. మన అవ్వలు నేర్వలేదనుట సరికాదు. ఉమ్మడి కుటుంబములో పదేండ్ల ప్రాయమునుండి తమ్ములను, చెల్లెండ్రను చంకనెత్తి, పురుళ్లలో పెద్దల ప్రక్క నిలిచి, ఏండ్ల తరబడి వారు పొందినది శిక్షణ కాక మరేమి? దానికి పట్టా లేకపోయినది, అంతియే. మఱియు అవ్వ సాకినది తన యింటి బిడ్డలను. వారి అలకలు, ఆకలులు ఆమెకు కంఠపాఠము. ఆయమ్మ ముందు కూర్చుండునది 20 ఇండ్లనుండి వచ్చిన 20 మంది బిడ్డలు. ఒకడు మాటాడడు, ఒకతె అన్నము ముట్టదు, వేరొకనికి చెవి సరిగా వినబడదు, ఆ సంగతి తల్లికే తెలియదు. అదిగాక, అవ్వల జ్ఞానములో అమృతముతో పాటు విషమును కొంత కలిసియున్నది. బాలింత ముర్రుపాలను పిండి పారబోయించుటయు, నీళ్లవిరేచనములు పట్టిన బిడ్డకు నీరు ఆపివేయుటయు ఆ సంప్రదాయములోనివే. అందలి మంచిని నిలిపి చెడును విడనాడుటకే గదా శాస్త్రము!

ఆరేండ్లు నిండకమునుపే మనుష్యుని మెదడు పెరుగుదలలో 85 శాతమునకు మించి జరిగిపోవునని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెప్పుచున్నది. ఈ పెరుగుదల అన్నముతో మాత్రమే జరుగునది కాదు, అక్షరములను బలవంతముగా దిద్దించుటచేత నంతకన్నను జరుగదు. బిడ్డ పలుకునకు పెద్దవారు బదులు పలుకుట, ఆటలో కలియుట, కథ చెప్పుట, పేరుపెట్టి పిలుచుట, భయపెట్టక నిలువరించుట, వీనిచేత జరుగును. 20 మంది పిల్లలు అల్లరి చేయుచుండగా "నోరు మూసుకొని కూర్చోండి" అనుట ఎవరికైనను చేతనగును. "అదిగో, ఆ పిట్ట ముక్కున ఏం పట్టుకుపోతుందో చూడండర్రా" అని ఆ అల్లరినే పాఠముగా మార్చుటకు నేర్పు కావలెను. మొదటి మాట పిల్లల నోళ్లు మూయించును, రెండవ మాట వారి కన్నులు తెరిపించును. ఈ రెంటికిని నడుమనున్న దూరమే శిక్షణ.

ఈ తత్త్వము మనకు క్రొత్తది కాదు. 1920లో గిజుభాయి బధేకా భావనగరమున బాలమందిరమును స్థాపించెను. 1926లో అచటనే నూతన బాల శిక్షణ సంఘము వెలసెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరమందలి బోర్డి గ్రామమునకు పోయి, అనూతాయి వాఘ్ తోడుగా పేద పిల్లలకు బాలవాడి నడపిరి. బిడ్డ బడికి రానిచో బడియే బిడ్డ వాకిటికి పోవలెనని వారు నమ్మిరి. అంగన్‌వాడి యను మాటలోని అంగన శబ్దమునకు ముంగిలి యనియే అర్థము. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసులోని అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే యుండి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. మన తెలుగు బిడ్డ దుర్గాబాయి దేశముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై పల్లెలలో బాలవాడీలకు ప్రోత్సాహమిచ్చెను. 1960 దశకములో భారత శిశు సంక్షేమ మండలి బాలసేవికలకు ఏర్పరచిన శిక్షణ దాదాపు ఒక సంవత్సర కాలము. ఈ మహనీయులెవ్వరును భవనముతో ఆరంభింపలేదు, మనుష్యులను తయారుచేయుటతో ఆరంభించిరి.

పిదప 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ఆరంభమయ్యెను. నాడు కార్యకర్తకు నెలల తరబడి నడచిన శిక్షణ క్రమముగా తగ్గి 26 పనిదినములకు దిగినది. సహాయకురాలికి దక్కినవి 5 దినములు. సర్వోన్నత న్యాయస్థానము 2001లోను, 2006లోను ఇచ్చిన ఉత్తరువుల బలమున కేంద్రములు దేశమంతట విస్తరిల్లినవి. ఈ విస్తరణము గొప్ప మేలు. పేదబిడ్డ పళ్లెములోనికి గ్రుడ్డు వచ్చుట అల్పవిషయము కాదు. కాని కొమ్మలు విస్తరించినంత వేగముగా వేళ్లు లోతునకు పోలేదు. 2023 మే నెలలో "పోషణ్ భీ, పఢాయీ భీ" యను పేర, పోషణతో పాటు చదువును అంగన్‌వాడికి తేవలెనని కేంద్ర ప్రభుత్వము సంకల్పించినది. 2024 మార్చిలో 3 ఏండ్లలోపు శిశువులకై "నవచేతన", 3 నుండి 6 ఏండ్లవారికై "ఆధారశిల" యను ప్రణాళికలను ప్రకటించినది. ఇవి మెచ్చదగినవి. అయినను కార్యకర్తకే 3 దినముల శిక్షణతో సరిపెట్టినచో, ఇక సహాయకురాలి గతి యేమి? 2020 నాటి విద్యావిధానము కార్యకర్తకు 6 నెలల పత్రమో, 1 సంవత్సరపు డిప్లొమాయో అనుగ్రహించినది. ఆ వాక్యములలో ఆయమ్మ మాట లేదు. ఆ కార్యకర్తకైనను ఆ చదువు ముఖ్యముగా టెలివిజనులోను, చేతి ఫోనులోను సాగవలెనట! ఏడ్చు బిడ్డను ఎట్లు ఎత్తుకొనవలెనో ఫోను చూచి నేర్చినవారు కలరా?

రెండవ మనిషి చేయి యెంతటి మేలు చేయగలదో మన పొరుగు రాష్ట్రమే రుజువు చేసినది. తమిళనాడులో 320 అంగన్‌వాడి కేంద్రములను ఎన్నుకొని, వానిలో చీటీ వేసినట్లు ఏరిన కొన్నింటికి ఒక స్థానిక స్త్రీని అదనముగా, పూర్వప్రాథమిక విద్యకొరకే నియమించి ఆర్థికశాస్త్రజ్ఞులు ఫలితములను పరిశీలించిరి. ఆ కేంద్రములలో పిల్లలకు చదువు చెప్పు కాలము ఇనుమడించినది, భాషలోను లెక్కలలోను వారు ముందంజ వేసిరి. అంతకంటె విశేషమేమనగా, ఉన్న కార్యకర్తకు తీరిక చిక్కుటచేత పోషణము మీదను దృష్టి నిలిచి, కేంద్రమునకు వచ్చు పిల్లలలో తీవ్రమైన పోషణలోపము తగ్గినది. వచ్చిన లాభముతో పోల్చినచో ఆ వ్యయము స్వల్పమని వారు తేల్చిరి. ప్రభుత్వములు దీనినుండి గ్రహింపవలసిన నీతి స్పష్టము. క్రొత్తవారిని నియమించుటకు ద్రవ్యము లేనిచో, ఉన్న ఆయమ్మకు చదువు చెప్పి ఆ రెండవ చేతిని బలపరుపవచ్చును గదా!

శిక్షణమనగా పాటలు, ఆటలు మాత్రమే యని భ్రమింపరాదు. 2013 జూలై 16వ తేదీన బీహారులోని సారణ్ జిల్లాలో ఒక పాఠశాలయందు మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. ఆ వంటలో పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలినది. నూనె వాసన తేడాగా నున్నదని వండిన స్త్రీ చెప్పినను ఆమె మాట చెల్లలేదని నాటి పత్రికలు వ్రాసినవి. ఈ ఘోరములో రెండు పాఠములు కలవు. పురుగుమందు డబ్బాలు వంటయింటి ఛాయలకు రాకూడదనియు, సందేహము కలిగిన వంటకమును పిల్లల విస్తరిలో వడ్డింపరాదనియు తెలియుట మొదటిది. వలదని చెప్పు ధైర్యమును, ఆ మాటను మన్నింపజేయు హోదాయు కలిగియుండుట రెండవది. మొదటిది జ్ఞానము, రెండవది గౌరవము. చదువు ఈ రెంటిని కలిపి యిచ్చును. 5 దినములలో జ్ఞానము కొంత రావచ్చునేమో గాని, తనపై అధికారి యెదుట "ఇది పెట్టను" అని నిలువగల స్త్రీ తయారుకాదు.

ఇతర దేశములు ఈ దారిని ఎట్లు నడచినవో చూతము. ఫ్రాన్సు దేశమున 2019 నుండి 3వ యేటనే విద్య నిర్బంధము. అచటి శిశుపాఠశాలలో ఉపాధ్యాయుని ప్రక్కన ఒక సహాయకురాలుండును. పూర్వము ఆమెను ఊడ్చి తుడుచు పనికత్తెగానే యెంచిరి. 1992లో ఆమె ఉద్యోగమునకు చట్టరీత్యా ప్రత్యేక స్థానమును, నూతన నామమును కల్పించిరి. నేడు ఆ పనికి బయటినుండి పోటీపరీక్షకు వచ్చువారు శిశుసంరక్షణలో వృత్తిపత్రము పొందియుండవలెను. ఆ పత్రము చేతికి రావలెనన్న పుస్తకములతో పాటు 14 వారములు పసిపిల్లల నడుమ పనిచేసియుండవలెను. 2018 నాటి ఉత్తరువు ఆమె విద్యాసమాజములో సభ్యురాలని స్పష్టముగా ప్రకటించినది. వారు సంపన్నులు, మనము పేదలము అని తప్పించుకొన వీలులేదు. 14 వారములు బిడ్డల నడుమ నిలిపి నేర్పుటకు రాజభండారములు అక్కరలేదు. మన కేంద్రములే ఆ పాఠశాలలు, మన అనుభవశాలినులైన కార్యకర్తలే ఆ గురువులు.

ఇక మేము కోరునదేమో చెప్పెదము. సహాయకురాలికి కనీసము 6 నెలల శిక్షణ కావలెను. దానిని ఒక్కపెట్టున దూరనగరములో పెట్టినచో ఇల్లు, బిడ్డలు, పొలము గల స్త్రీ రాజాలదు. నెలకు కొలది దినములు మండల కేంద్రమునందు, తక్కిన దినములు తన కేంద్రముననే అనుభవజ్ఞురాలి కనుసన్నలలో సాగవలెను. శిక్షణ దినములకు వేతనమును, రాకపోకల ఖర్చును ఇయ్యవలెను, ఆ దినములలో కేంద్రమునకు బదులు మనిషి నుంచవలెను. చదువురాని స్త్రీ సిగ్గుపడకుండునట్లు పాఠము చేతలద్వారాను, మాటలద్వారాను నడువవలెను. బిడ్డ యే వయస్సులో నడుచును, పలుకును, ఏది ఆలస్యమైనచో వైద్యునికి చూపవలెను. జండచుట్టు కొలతను, ఎత్తును, బరువును తప్పులేక తీయుట. విరేచనములలో ఉప్పు, చక్కెర కలిసిన పొట్లము నీరు త్రాగించుట. గొంతులో గింజ యడ్డుపడిన బిడ్డను రక్షించుట. పొయ్యిని, నీటితొట్టిని పిల్లలకు అందకుండ నుంచుట. కొట్టక, తిట్టక, చీకటిగది పేరు చెప్పక క్రమమును నిలుపుట. గవ్వలు, గింజలు, ఆకులు, మట్టితో ఆటవస్తువులు చేయుట. మన పల్లెపాటలను, పొడుపుకథలను పిల్లల నోట పలికించుట, ఇవి ఆ చదువులో నుండవలసిన పాఠములు. పరీక్ష కాగితముమీద కాక పిల్లల నడుమనే జరుగవలెను.

ఆ శిక్షణలో మరి రెండు సంగతులు విడువరానివి. మన్యప్రాంతములలో కోయ, గోండు, సవర బిడ్డలు ఇంటిలో తెలుగు వినక అంగన్‌వాడికి వత్తురు. టీచరమ్మకు వారి మాట రాకపోవచ్చును, స్థానికురాలగు ఆయమ్మకు వచ్చును. ఆ బిడ్డకు ఆమెయే సేతువు. ఆ సేతువును బలపరచుట మాని, ఆమెను పొయ్యికే కట్టివేయుట తెలివితక్కువ. రెండవది పంక్తిభేదము. అన్ని కులముల పిల్లలు ప్రక్కప్రక్కన కూర్చుండి ఒక్క కుండలోని అన్నము తినునట్టి మొదటి తావు అంగన్‌వాడియే. ఎవరి పళ్లెమును ఎట్లు అందించునో, ఎవరిని ముట్టి ఎత్తుకొనునో, ఎవరిని దూరముగ నుంచునో ఆ చేతులనుండియే బిడ్డ సమత్వమునో, అంటరానితనమునో నేర్చును. రాజ్యాంగములో వ్రాసికొన్నది ఆ పంక్తిలో నిజము కావలెను.

శిక్షణ యొక్కటియే చాలునని మేమనము. చదివించి ఆకలితో నుంచుట అన్యాయము. కేంద్ర ప్రభుత్వము 2018లో సహాయకురాలి గౌరవవేతనములో తన లెక్కను నెలకు 1,500 రూపాయలనుండి 2,250కు పెంచినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో రాష్ట్రపు వంతుతో కలిపి దానిని 7,000గా నిర్ణయించినది. 2023 డిసెంబరు 12న ఆ రాష్ట్రమున కార్యకర్తలు, ఆయమ్మలు సమ్మెకు దిగి 42 దినములు రోడ్లపై నిలిచిరి. 2024 జనవరిలో ప్రభుత్వము వారిపై అత్యవసర సేవల చట్టమును ప్రయోగించినది. మేమడుగునది ఒక్కటే. సమ్మె చేసిననాడు అత్యవసరమైన సేవ, వేతనమిచ్చునాడు గౌరవసేవ యెట్లగును? నేర్పునాడు 5 దినముల సేవ యెట్లగును? 2022 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానము వీరు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పినది. న్యాయస్థానము గుర్తించిన సేవను ప్రభుత్వములు గుర్తింపకుండుట వింత. 2022 నాటి కేంద్ర మార్గదర్శకములలో 5 ఏండ్ల అనుభవము గల సహాయకురాండ్రకు కార్యకర్త స్థానములలో సగము కేటాయింపవలెనని కలదు. ఆ మెట్టును ఎక్కుటకు శిక్షణయే ఊతము కావలెను. 6 నెలల చదువు పూర్తిచేసిన సహాయకురాలికి పత్రముతో పాటు వేతనములో వృద్ధియు లభింపవలెను.

ఈ మాటలు ప్రభుత్వమునకు మాత్రమే కావు. మా పాఠకులలో పెక్కురు పట్టణవాసులు, తమ బిడ్డలను అంగన్‌వాడికి పంపనివారు. వేలకొలది రూపాయలు ఫీజు కట్టి పంపు ప్లేస్కూళ్లలో తమ బిడ్డ ముక్కు తుడుచు ఆయా యెంత చదివినదో, ఎవరు నేర్పిరో, ఎంత జీతమందుకొనుచున్నదో యెన్నడైనను అడిగిరా? గోడలమీది బొమ్మలను చూచి మురిసి వచ్చుచున్నారు. రేపటినుండి ఆ ప్రశ్న అడుగుడు. అడుగువారు పదుగురైనచో బదులు చెప్పక తప్పదు. గ్రామములలోని భూస్వాములకు మరియొక విన్నపము. మీ పొలములో నాట్లు వేయు తల్లి బిడ్డ ఆ కేంద్రముననే యున్నాడు. ఆమె నిశ్చింతగా వంగి నాటుచున్నదనిన, ఆయమ్మ చేతులమీది నమ్మకముచేతనే. ఆ కేంద్రము అద్దెకొట్టములో నున్నచో చోటు చూపుడు, పంచాయతి సభలో ఆమె శిక్షణకై తీర్మానము చేయింపుడు, ఆమె శిక్షణకు పోయిన దినములలో గ్రామమే బదులు మనిషిని సమకూర్చునట్లు చూడుడు.

6 నుండి 14 ఏండ్ల బిడ్డకు విద్య ప్రాథమిక హక్కని 2002 నాటి రాజ్యాంగ సవరణము నిశ్చయించినది. ఆ సవరణమే 6 ఏండ్లలోపు బిడ్డకు సంరక్షణయు, విద్యయు కల్పించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని 45వ అధికరణములో వ్రాసినది. పెద్దవానికి హక్కు, పసివానికి ప్రయత్నము! ఆ ప్రయత్నమైనను మాటలలో నిలిచిపోరాదు. అది మన యెదుట ఒక స్త్రీ రూపమున నిలిచియున్నది. ఒక చంకన ఏడ్చు బిడ్డ, ఒక చేత గరిటె, చుట్టును 20 మంది పిల్లలు. ఆమెకు మనమిచ్చిన చదువు 5 దినములు. ఈ లెక్కను మార్చువరకు చట్టసభలలోను, పంచాయతులలోను, ఇంటి అరుగులమీదను ఈ ప్రశ్నను అడుగుచునే యుండవలెను.